‘హీరోస్’ రెండో సీజన్ ఎందుకు నిరాశపరిచింది: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని ఎన్‌బీసీ ఛానెల్‌లో 2006 సెప్టెంబరు 25న మొదలైన ‘హీరోస్’ ధారావాహిక తొలి సీజన్‌లో సంపాదించుకున్న ఆదరణలో పెద్ద భాగాన్ని 2007 శరదృతువులో ప్రసారమైన రెండో సీజన్‌లో పోగొట్టుకుంది. ఆ సీజన్‌ను అప్పట్లో వారం వారం చూసినవారూ, ఇటీవల మొత్తం ఒకేసారి చూసినవారూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. కథలోని మలుపులను, మరణాలను దాచకుండా చెప్పవలసి వచ్చింది కాబట్టి, ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించి చదవాలని మనవి.

ప్రశ్న: తొలి సీజన్ అంతగా ఎందుకు నచ్చింది?

తమకు అతీత శక్తులున్నాయని మామూలు మనుషులు ఒక్కొక్కరుగా తెలుసుకోవడమే ఆ సీజన్ కథ. టెక్సాస్‌లోని ఒడెస్సాలో చదువుకునే క్లేర్ బెన్నెట్ అనే అమ్మాయికి ఎంత పెద్ద గాయమైనా మానిపోతుంది. టోక్యోలో ఒక కార్యాలయ ఉద్యోగి అయిన హిరో నకమురా కాలాన్ని ఆపగలడు. లాస్ ఏంజెలెస్‌లో మాట్ పార్క్‌మన్ అనే పోలీసుకు ఎదుటివారి ఆలోచనలు వినిపిస్తాయి. మరణశయ్య మీద ఉన్న రోగులకు సేవచేసే పీటర్ పెట్రెల్లి తన దగ్గరకు వచ్చిన ప్రతి శక్తినీ తనలోకి తీసుకోగలడు, అతని అన్న నేథన్ ఎన్నికల్లో పోటీచేస్తూ తాను ఎగరగలనన్న నిజాన్ని దాచుకుంటాడు.

మొదటి ఎపిసోడ్‌లో రెండు చిన్న దృశ్యాలను దగ్గరగా చూస్తే ఆ సీజన్ బలం అర్థమవుతుంది. క్లేర్ చాలా ఎత్తు నుంచి నేలమీదకు దూకుతుంది. తోటి విద్యార్థి ఒకడు దాన్ని వీడియో తీస్తూ ఉంటే, ఆమె లేచి, పక్కకు తప్పిన భుజాన్ని చేత్తో సరిచేసుకుని, కెమెరాలోకి చూస్తూ తన పేరు చెప్పి, ఇది ఆరో ప్రయత్నమని ప్రకటిస్తుంది. ఆ గొంతులో గర్వం లేదు, తనకేమైందో తెలియని పిల్ల భయం ఉంది. మరోచోట హిరో తన కార్యాలయంలో కూర్చుని, గోడ గడియారంలో సెకన్ల ముల్లును చూపుతోనే ఒక్క సెకను వెనక్కి జరుపుతాడు. ప్రపంచంలో మరెవరూ గమనించని ఆ ఒక్క సెకను అతనికి పండగ. శక్తి ఎంత చిన్నగా మొదలైతే మనిషి అంత స్పష్టంగా కనిపిస్తాడన్న సంగతి ఆ రచయితలకు అప్పుడు బాగా తెలుసు.

తొలి ఎపిసోడ్‌ను అమెరికాలో దాదాపు 1.43 కోట్ల మంది చూశారు. ఆ సీజన్‌కు అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డుల్లో 2007లో ఉత్తమ నాటక ధారావాహిక విభాగంలోనూ, హిరో పాత్ర వేసిన మాసీ ఓకాకు సహాయ నటుడి విభాగంలోనూ నామినేషన్లు వచ్చాయి.

ప్రశ్న: తెలుగు సీరియళ్లకు సీజన్లు ఉండవు కదా, ఇక్కడ ‘సీజన్’ అంటే ఏమిటి?

మన రోజువారీ సీరియళ్లు విరామం లేకుండా ఏళ్ల తరబడి సాగుతాయి. ఆనాటి అమెరికా ఛానెళ్ల పద్ధతి వేరు. సెప్టెంబరులో మొదలుపెట్టి మే నెల వరకు వారానికి ఒక ఎపిసోడ్ చొప్పున 22 నుంచి 24 ఎపిసోడ్లు ప్రసారం చేసి, వేసవిలో ఆపేవారు. ‘హీరోస్’ తొలి సీజన్‌లో 23 ఎపిసోడ్లు ఉన్నాయి, చివరిది 2007 మే 21న వచ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలు ప్రేక్షకుడు కథను మనసులో పెట్టుకుని ఎదురుచూడాలి. ఈ నిరీక్షణ సంగతి గుర్తుంచుకుంటేనే రెండో సీజన్ తొలి వారాల్లో వచ్చిన కోపం అర్థమవుతుంది.

ప్రశ్న: రెండో సీజన్‌లో కథ ఏమిటి?

‘తరాలు’ అన్న అర్థం వచ్చే ఉపశీర్షికతో 2007 సెప్టెంబరు 24న మొదలై, డిసెంబరు 3న 11వ ఎపిసోడ్‌తో ఆగిపోయింది. తొలి సీజన్ ముగింపు తర్వాత నాలుగు నెలలకు కథ మొదలవుతుంది. క్లేర్ కుటుంబం పేరు మార్చుకుని కాలిఫోర్నియాలో తలదాచుకుంటుంది. హిరో 1671 నాటి జపాన్‌లో చిక్కుకుంటాడు. పీటర్ జ్ఞాపకశక్తి పోగొట్టుకుని ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో తేలుతాడు. తొలి సీజన్‌లో శక్తులున్నవారిని చంపి ఆ శక్తులను దోచుకున్న హంతకుడు సైలర్ ప్రాణాలతో ఉన్నాడు గానీ శక్తులు కోల్పోయాడు. శక్తులున్నవారిని వెంటాడే ‘కంపెనీ’ అనే సంస్థను పూర్వం స్థాపించినవారు ఒక్కొక్కరుగా హత్యకు గురవుతుంటారు. వీటన్నిటి వెనక మానవజాతిని తుడిచిపెట్టగల ఒక వైరస్ ఉందని క్రమంగా తెలుస్తుంది.

ప్రశ్న: ప్రేక్షకుల ప్రధాన ఫిర్యాదు ఏమిటి?

ఒక్కటే చెప్పమంటే, ఎక్కిన మెట్లన్నీ మళ్లీ ఎక్కించారన్నదే. తొలి సీజన్ ముగిసేసరికి పాత్రలన్నీ న్యూయార్క్‌లో ఒకచోట కలిశాయి, ఒకరి శక్తి ఒకరికి తెలిసింది, ఒకరి కోసం ఒకరు ప్రాణాలకు తెగించారు. ఇకమీదట వీళ్లందరూ కలిసి ఏం చేస్తారన్నదే ప్రేక్షకుడి మనసులో ఉన్న ప్రశ్న. రెండో సీజన్ ఆ ప్రశ్నను పక్కనపెట్టి, ఉన్నవారిని ఖండాలకూ శతాబ్దాలకూ చెదరగొట్టి, కొత్తవారిని తెచ్చి, ‘నాకు శక్తి ఉందా’ అన్న మొదటి పాఠాన్ని మళ్లీ మొదలుపెట్టింది.

మాయా, అలెహాండ్రో అనే కవలల కథ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. మాయాకు ఆవేదన కలిగితే కళ్లలోంచి నల్లటి ద్రవం కారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు చనిపోవడం మొదలవుతుంది. తమ్ముడు ఆమె చేతులు పట్టుకుంటే ఆ విషప్రభావం వెనక్కి మళ్లుతుంది. ఊహ మంచిది, భయంకరమైనది కూడా. కాని ఆ ఇద్దరూ మధ్య అమెరికా మీదుగా ఉత్తరానికి ప్రయాణిస్తూ ఉంటారు. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో అడ్డుపడతారు, ఆమె ఏడుస్తుంది, మనుషులు కూలిపోతారు, తమ్ముడు చేతులు పట్టుకుంటాడు, ప్రయాణం కొనసాగుతుంది. మనకు తెలిసిన పాత్రలతో వాళ్లకు చాలాకాలం ఏ సంబంధమూ ఉండదు. సైలర్ వాళ్లకు తారసపడ్డాకే ఆ కథకు ప్రాణం వచ్చింది, అప్పటికే చాలామంది మనసులో వాళ్ల దృశ్యం వస్తే లేచి వెళ్లే అలవాటు స్థిరపడింది.

క్లేర్, వెస్ట్‌ల ప్రేమకథ మరో ఫిర్యాదు. ఎగరగల కుర్రాడితో ఆమె పరిచయం పెంచుకుని, తండ్రికి అబద్ధాలు చెబుతుంది. తొలి సీజన్‌లో తన దత్తత తండ్రి నోవా బెన్నెట్‌ను అర్థం చేసుకోవడానికి ఆ అమ్మాయి ఎంత దూరం నడిచిందో చూసినవారికి ఈ గొడవ వెనకడుగుగా అనిపించింది. శత్రువులు వెంటాడుతుంటే కొత్త పేరుతో దాక్కున్న పిల్ల, బడిలో తోటి పిల్లలను బెదిరించడానికి తన శక్తిని వాడుకోవడం ఆమె తెలివికి తగినట్టు లేదు.

న్యూ ఆర్లీన్స్‌కు చెందిన మోనికా కథ చాలామందికి నచ్చింది. చూసిన ఏ కదలికనైనా వెంటనే అనుకరించగల ఆ అమ్మాయి ఒక బర్గర్ దుకాణంలో పనిచేస్తూ, టీవీలో చూసిన కుస్తీ పట్టును దొంగ మీద ప్రయోగిస్తుంది. అయినా ఆమెకు దక్కిన సమయం కొద్దిగానే. సీజన్ ముగిశాక ఆమె తెరమీదకు మళ్లీ రాలేదు.

ప్రశ్న: హిరో జపాన్ కథలో లోపం ఏమిటి? ఆలోచన బాగానే ఉంది కదా?

ఆలోచన చాలా బాగుంది. హిరో చిన్నప్పటి నుంచి తకేజో కెన్సే అనే ఖడ్గవీరుడి గాథలు వింటూ పెరిగాడు. తీరా 1671లో అడుగుపెట్టి చూస్తే, ఆ వీరుడు డబ్బు కోసం కత్తి పట్టే తాగుబోతు, పైగా ఆంగ్లేయుడు. తాను విన్న గాథలన్నీ నిజం కావాలంటే ఆ మనిషిని తానే వీరుడిగా తీర్చిదిద్దాలని హిరో గ్రహిస్తాడు. యాయెకో అనే యువతిని ఇద్దరూ ప్రేమిస్తారు. వర్తమానంలో హిరో మిత్రుడు ఆండో, కెన్సే కత్తి పిడిలో దాచిన చుట్టచుట్టిన కాగితాలను తీసి, మూడు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లిన స్నేహితుడు అక్కడ రాసిన ఉత్తరాలు ఒక్కొక్కటిగా చదువుకుంటాడు. ఉత్తరం రాసినవాడు, చదివేవాడు ఇద్దరూ తెలిసినవాళ్లే అయి, మధ్యలో శతాబ్దాలు ఉండడం ఎంతో ముచ్చటైన కల్పన.

లోపమంతా వ్యవధిలోనే ఉంది. ఈ కథ మొదటి ఎపిసోడ్ నుంచి ఏడో ఎపిసోడ్ వరకు సాగింది. ధారావాహికకు నవ్వు, వెలుగు, చొరవ ఇచ్చే పాత్ర సీజన్‌లో సగానికి పైగా మిగతా అందరికీ దూరంగా ఉండిపోయింది. పైగా ఆండోను టోక్యోలో కాగితాలు చదవడానికే పరిమితం చేశారు. ఆ ఇద్దరినీ పక్కపక్కన చూడడం కోసమే టీవీ పెట్టుకునే ప్రేక్షకులు ఉండేవారన్న విషయాన్ని రచయితలు తక్కువగా అంచనా వేశారని నా అభిప్రాయం.

ప్రశ్న: కథ నెమ్మదిగా సాగిందన్న మాట నిజమేనా, లేక ప్రేక్షకుల తొందరపాటా?

నిజమే, రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. తొలి సీజన్‌లో న్యూయార్క్ పేలిపోతుందన్న ప్రమాదం మొదటి ఎపిసోడ్‌లోనే, జరగబోయేదాన్ని గీయగల చిత్రకారుడు ఐజాక్ బొమ్మలో కనిపించింది. రెండో ఎపిసోడ్‌కల్లా హిరో భవిష్యత్తులోకి వెళ్లి ఆ పేలుడును కళ్లారా చూశాడు. ఛీర్‌లీడర్‌ను, అంటే ఆటల్లో బడి జట్టును ఉత్సాహపరిచే బృందంలో ఉన్న క్లేర్‌ను, కాపాడితే ప్రపంచాన్ని కాపాడినట్టే అన్న ఒక్క వాక్యం అందరి కథలకూ దారి చూపించింది, తొమ్మిదో ఎపిసోడ్‌లో పీటర్ ఆ ఛీర్‌లీడర్‌ను కాపాడాడు కూడా. అంటే ఇచ్చిన మాటను సీజన్ సగం కాకముందే చెల్లించి, తర్వాతి ప్రమాదం వైపు కదిలారు.

రెండో సీజన్‌లో వైరస్ వల్ల ప్రపంచ జనాభాలో 93 శాతం చనిపోతుందన్న సంగతి ఏడో ఎపిసోడ్‌లో గానీ మనకు తెలియదు. అప్పటివరకు ఎవరు ఎందుకు పరిగెడుతున్నారో ప్రేక్షకుడికి తెలియదు. దేనికోసం ఎదురుచూడాలో తెలిసినప్పుడు మనిషి ఎంతసేపైనా ఓపిక పడతాడు. ఆ దిక్కు చూపించకుండా ఆరు వారాలు కూర్చోబెట్టారు కాబట్టి, దాన్ని ప్రేక్షకుల తొందరపాటు అనడం న్యాయం కాదు.

ప్రశ్న: తొలి సీజన్ ముగింపే బాగాలేదని, నిరాశ అక్కడే మొదలైందని కొందరు అంటారు. సరైన మాటేనా?

కొంతవరకు సరైనదే. ఏడాది పొడుగునా నిర్మించుకుంటూ వచ్చిన సైలర్, పీటర్‌ల పోరాటం కొద్ది క్షణాల్లో ముగిసింది. హిరో కత్తితో పొడవడం, పేలబోతున్న తమ్ముణ్ని నేథన్ ఆకాశంలోకి ఎత్తుకుపోవడం భావోద్వేగపరంగా బలంగా ఉన్నా, పోరాటం ఇంతేనా అన్న అసంతృప్తి అప్పుడే వినిపించింది. అన్నదమ్ములిద్దరూ ప్రాణాలతో మిగిలారని, సైలర్ కూడా బతికే ఉన్నాడని తెలిశాక ఆ ముగింపులోని త్యాగానికి విలువ మరింత తగ్గింది. అయితే ప్రేక్షకులు ఆ అసంతృప్తితోనే దూరం కాలేదు. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌ను దాదాపు 1.7 కోట్ల మంది చూశారు, తొలి సీజన్ మొదటి ఎపిసోడ్ కంటే ఇది ఎక్కువ. జనం నమ్మకంతోనే తిరిగి వచ్చారు. డిసెంబరు 3 నాటి చివరి ఎపిసోడ్‌కు ఆ సంఖ్య సుమారు 1.1 కోట్లకు పడిపోయింది.

ప్రశ్న: పీటర్‌కు జ్ఞాపకశక్తి పోవడం మీద అంత విమర్శ ఎందుకు?

కార్క్ రేవులో ఐపాడ్‌లు ఉంటాయని ఆశించి దొంగల ముఠా ఒక సరుకుల కంటైనర్ తెరుస్తుంది. లోపల గొలుసులతో కట్టేసిన పీటర్ ఉంటాడు, తన పేరు కూడా తనకు తెలియదు. తొలి ఎపిసోడ్ చివర్లో ఈ దృశ్యం చూసినప్పుడు ఉత్కంఠ కలిగిన మాట వాస్తవం. తరువాతి వారాల్లో అది మరో రకంగా కనిపించింది.

అతీత శక్తుల కథలన్నిటికీ ఉండే చిక్కు ఇక్కడ బయటపడింది. ఇతరుల శక్తులన్నీ తనలోకి తీసుకోగలవాడికి ఎదురేముంది? కాలాన్ని ఆపగలవాడికి ఏ ప్రమాదం అడ్డువస్తుంది? తొలి సీజన్‌లో ఆ శక్తులు ఇంకా అదుపులోకి రాలేదు కాబట్టి ప్రమాదం నిజంగానే అనిపించింది. రెండో సీజన్‌కు వచ్చేసరికి పీటర్, హిరో, సైలర్ ముగ్గురూ దాదాపు సర్వశక్తిమంతులు. వాళ్ల శక్తికి తగిన సమస్యను కల్పించడానికి బదులు, ఒకరి జ్ఞాపకం తీసేశారు, ఒకరిని వేరే శతాబ్దంలో ఉంచారు, ఒకరి శక్తులే తీసేశారు. ఇది ఒకరి విషయంలో జరిగి ఉంటే కథా చమత్కారంగా చెల్లిపోయేది. ముగ్గురి విషయంలోనూ ఒకేసారి జరగడంతో రచయితల ఇబ్బంది తెరమీద కనబడిపోయింది.

దీనికి తోడు మరణానికి విరుగుడు కూడా కనిపెట్టారు. క్లేర్ రక్తం ఎక్కిస్తే చనిపోయినవాడు లేచి కూర్చుంటాడు. తొమ్మిదో ఎపిసోడ్‌లో మొహిందర్ అనే అధ్యాపకుడు కాల్చిన తూటా నోవా బెన్నెట్ కంట్లో దిగుతుంది, కూతురి కళ్లముందే అతను కూలిపోతాడు. గుండెలు పిండే దృశ్యం అది. ఆ ఎపిసోడ్ ముగిసేలోపే అతను బతికాడని చూపించారు. అక్కణ్నుంచి ఎవరు చనిపోయినా, ఆ రక్తం ఉంది కదా అన్న ఆలోచన ప్రేక్షకుణ్ని వదల్లేదు.

ప్రశ్న: కెయిట్లిన్ ఏమైంది?

రెండో సీజన్ గురించి అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే కావచ్చు. ఐర్లండ్‌లో పీటర్‌కు ఆశ్రయమిచ్చి, అతన్ని ప్రేమించిన కెయిట్లిన్ అతనితోపాటు 2008 జూన్ నాటి భవిష్యత్తులోకి వెళుతుంది. వైరస్ తాకిడికి నిర్మానుష్యమైన న్యూయార్క్‌లో అధికారులు ఇద్దరినీ విడదీస్తారు. పీటర్ అనుకోకుండా వర్తమానంలోకి వచ్చిపడతాడు, ఆమె అక్కడే ఉండిపోతుంది. వైరస్ వ్యాప్తిని ఆపేయడంతో ఆ భవిష్యత్తే లేకుండా పోయింది. ఆమెకు ఏమైందో ధారావాహిక ఎన్నడూ చెప్పలేదు, తర్వాతి సీజన్లలో పీటర్ ఆమెను తలచుకోను కూడా లేదు. ఆమెను రక్షిస్తానని మాట ఇచ్చిన కథానాయకుడు ఆ మాటను మరిచిపోయాడంటే, తెగిన కథాతంతువు కంటే పెద్ద లోపం అది. పీటర్ స్వభావంలోని కరుణే అతని పాత్రకు పునాది.

ప్రశ్న: రచయితల సమ్మె వల్లనే సీజన్ చెడిపోయిందా?

కాదు. అయితే సమ్మె ప్రభావం లేదని కూడా అనలేం. తేదీలు చూస్తే విషయం తేటపడుతుంది. డీవీడీల మీదా, ఇంటర్నెట్ ప్రసారాల మీదా రావలసిన వాటా కోసం అమెరికా రచయితల సంఘం 2007 నవంబరు 5న సమ్మె మొదలుపెట్టింది, అది 2008 ఫిబ్రవరి 12 వరకు సాగింది. సరిగ్గా నవంబరు 5 రాత్రే రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ ప్రసారమైంది. అంటే జపాన్ కథ, కవలల ప్రయాణం, వెస్ట్ ప్రేమ, పీటర్ మతిమరుపు అన్నీ సమ్మెకు ముందే రాసి, తీసి, చూపించినవి. జనం మొహం తిప్పుకున్నది ఆ ఏడు వారాల్లోనే.

సమ్మె చెడగొట్టింది ముగింపును. మొదట 24 ఎపిసోడ్లు అనుకున్న సీజన్ 11తో ఆగింది. వైరస్ బయటికి వచ్చి వ్యాపించడం, దాన్ని అందరూ కలిసి ఎదుర్కోవడం తరువాతి భాగంగా అనుకున్నారు. సమ్మె ఎప్పటికి ముగుస్తుందో తెలియని స్థితిలో ఆ దారిని మూసేసి, 11వ ఎపిసోడ్ చివరను మార్చారు. పది వారాల పాటు నెమ్మదిగా పేర్చుకుంటూ వచ్చిన ప్రమాదం ఒక్క నిమిషంలో తీరిపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. ‘ఆరిజిన్స్’ పేరుతో ప్రకటించిన ఆరు ఎపిసోడ్ల అనుబంధ ధారావాహిక కూడా ఈ కాలంలోనే మూలన పడింది.

తమ శ్రమకు ఫలం అడిగిన రచయితలను ఈ వైఫల్యానికి బాధ్యులను చేసే మాట ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది, దాన్ని నేను అంగీకరించలేను.

ప్రశ్న: సృష్టికర్త టిమ్ క్రింగ్ నిజంగా క్షమాపణ చెప్పారా?

తప్పులను బహిరంగంగా ఒప్పుకున్నారు. సీజన్ ఇంకా ప్రసారమవుతుండగానే, 2007 నవంబరులో ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ పత్రికతో మాట్లాడుతూ, కథ నెమ్మదిగా సాగిందని, ప్రపంచానికి వచ్చిన ముప్పును ముందే చెప్పి ఉండవలసిందని, హిరోను జపాన్‌లో అంతకాలం ఉంచకూడదని, కొత్త పాత్రలను విడి కథల్లో కాకుండా పాత పాత్రల కథల్లోనే పరిచయం చేసి ఉండవలసిందని, ప్రేమకథలు ఈ ధారావాహికకు అంతగా అతకలేదని అంగీకరించారు. తొలి సీజన్‌లోలా పాత్రలు తమ శక్తులను నెమ్మదిగా కనుగొనే అనుభవమే ప్రేక్షకులు మళ్లీ కోరుకుంటారని తాము పొరబడినట్టు కూడా చెప్పారు.

ఈ చివరి మాటే అన్నిటికంటే విలువైనది. నిజానికి సీజన్‌కో కొత్త పాత్రల బృందం రావాలన్నది క్రింగ్ మొదటి ఆలోచన. తొలి సీజన్ నటులు అంతగా జనాదరణ పొందడంతో వారిని వదులుకోలేకపోయారు. అటు పూర్తిగా కొత్త కథా రాలేదు, ఇటు పాత కథా ముందుకు సాగలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టయింది.

ప్రశ్న: రచయితల బృందంలో మార్పులు కారణమా?

ఒక మార్పును మాత్రం ప్రస్తావించాలి. తొలి సీజన్‌లోని 17వ ఎపిసోడ్, నోవా బెన్నెట్ గతాన్ని చెప్పేది, ఈ ధారావాహిక మొత్తంలో ఉత్తమమైనదని చాలామంది భావిస్తారు. దాన్ని రాసిన బ్రయాన్ ఫుల్లర్ తొలి సీజన్ తర్వాత ఏబీసీ ఛానెల్‌లో సొంత ధారావాహిక చేయడానికి వెళ్లిపోయారు. ఒకే ఇంట్లో, ఒకే కుటుంబం చుట్టూ, ఒక తండ్రి అబద్ధం కూలిపోవడాన్ని చూపించిన ఆ ఎపిసోడ్‌లోని ఏకాగ్రత రెండో సీజన్‌లో అరుదుగా కనిపించింది. ఒక్క రచయిత ఉండి ఉంటే అంతా సవ్యంగా జరిగేదని చెప్పడం మాత్రం అతిశయోక్తి అవుతుంది.

ప్రశ్న: నటీనటుల తప్పు ఉందా?

లేదు. మాయాగా డానియా రమీరెజ్, మోనికాగా డానా డేవిస్ తమకు ఇచ్చిన దానికి న్యాయం చేశారు.

ప్రశ్న: మొహిందర్ సురేశ్ పాత్ర గురించి భారతీయ ప్రేక్షకులు ఏమనుకున్నారు?

అందరి తరఫునా మాట్లాడలేం గాని, అమెరికాలో ఉన్న దక్షిణ భారత ప్రేక్షకులకు, అందులో తెలుగువారికి, మొహిందర్ మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉండడం సహజం. ఆనాటి అమెరికా ప్రధాన ఛానెల్ ధారావాహికలో ఒక చెన్నై అధ్యాపకుడు ముఖ్యపాత్ర కావడం, మొదటి ఎపిసోడ్‌లో అతను మద్రాసు తరగతి గదిలో జన్యుపరిణామం గురించి పాఠం చెబుతూ పరిచయమవడం అరుదైన విషయం. పాత్ర వేసిన సెంధిల్ రామమూర్తి అమెరికాలో పుట్టి పెరిగిన నటుడు కావడంతో ఉచ్చారణ మీద కొందరికి అభ్యంతరాలు ఉండేవి.

మొహిందర్ అక్క శాంతి చిన్నతనంలోనే ఒక వైరస్‌తో చనిపోయింది. ఆమెను బతికించలేకపోయిన తండ్రి చంద్ర సురేశ్ దుఃఖం, ఆ దుఃఖం నీడలో పెరిగిన కొడుకు మనసు తొలి సీజన్‌లో క్లుప్తంగా, ఎంతో బరువుతో వచ్చాయి. అదే వైరస్ సోకిన మాలీ అనే పాపను మొహిందర్ తన రక్తంలోని ప్రతిరక్షకాలతో కాపాడినప్పుడు, అక్కకు చేయలేకపోయినది ఈ పాపకు చేయగలిగాడన్న తృప్తి కలిగింది. రెండో సీజన్ మొత్తానికి ముప్పు శాంతి పేరు మోసే ఆ వైరస్సే. అంటే ఈ సీజన్‌కు గుండెకాయ కావలసిన వ్యక్తి మొహిందర్. అయినా అతను ‘కంపెనీ’ని లోపలి నుంచి దెబ్బతీస్తానని చేరి, తరవాత వాళ్ల మాటే నమ్మి, మళ్లీ అనుమానించి, ఊగిసలాడుతూనే గడిపాడు. ఒక కుటుంబ విషాదం నుంచి పుట్టిన వైరస్‌ను గాజు సీసాలో పెట్టి, ఎవరి చేతిలో ఉందన్న ఆటగా మార్చడం ఈ సీజన్ చేజార్చుకున్న అతి పెద్ద అవకాశమని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: ఇంతకీ ఆ సీజన్‌లో మంచి ఏమీ లేదా?

చాలానే ఉంది. కెన్సేయే మూడు శతాబ్దాలకు పైగా ముసలితనం లేకుండా బతుకుతూ, వర్తమానంలో ఆడమ్ మన్రోగా తిరుగుతున్నాడన్న మలుపు అద్భుతం. హిరో చేసిన ద్రోహమని తాను భావించినదాన్ని అంతకాలం మోసిన పగవాడిగా డేవిడ్ ఆండర్స్ ఎంతో నమ్మకంగా కనిపించాడు. విద్యుత్తును చేతుల్లోంచి చిమ్ముతూ, అదే సమయంలో తండ్రి మెప్పు కోసం అల్లాడే ఎల్ పాత్రలో క్రిస్టెన్ బెల్ వచ్చిన ప్రతి దృశ్యమూ చురుగ్గా ఉంటుంది. తన తండ్రి హత్యను ఆపడానికి కాలంలో వెనక్కి వెళ్లిన హిరో, ఆ మరణాన్ని అంగీకరించవలసిందేనని తండ్రి నోటనే విని, ఆయన చివరి క్షణాల్లో పక్కన నిలబడే ఘట్టం తొమ్మిదో ఎపిసోడ్‌లో ఉంది. జార్జ్ టకే, మాసీ ఓకా ఆ దృశ్యాన్ని ఎక్కడా అతి చేయకుండా నటించారు.

ప్రశ్న: మూడో సీజన్‌తో నమ్మకం తిరిగి వచ్చిందా?

రాలేదు. 2008 సెప్టెంబరు 22న మొదలైన మూడో సీజన్‌ను కోటి మంది కంటే తక్కువే చూశారు. నెమ్మది అన్న విమర్శకు జవాబుగా వేగం పెంచారు, ఆ వేగంలో పాత్రల స్వభావాలే వారానికోరకంగా మారిపోయాయి. సైలర్ మంచివాడయ్యాడు, మళ్లీ చెడ్డవాడయ్యాడు. ఆ ఏడాది నవంబరులో జెఫ్ లోబ్, జెస్సీ అలెగ్జాండర్ అనే ఇద్దరు ముఖ్య నిర్మాతలను తొలగించారు. నాలుగో సీజన్ 2010 ఫిబ్రవరిలో ముగిసింది, మే నెలలో ధారావాహికను రద్దుచేశారు. 2015–16లో ‘హీరోస్ రీబార్న్’ పేరుతో 13 ఎపిసోడ్లు వచ్చి ఆగిపోయాయి.

ప్రశ్న: ఇప్పుడు కొత్తగా చూసేవారు రెండో సీజన్‌ను వదిలేయవచ్చా?

వదిలేయకండి. వారం వారం ఎదురుచూసిన ప్రేక్షకుడికి కలిగిన విసుగు, 11 ఎపిసోడ్లను కొద్ది రోజుల్లో చూసేవారికి అంతగా కలగదు. జపాన్ కథ ఒక చిన్న నవలలా సాగిపోతుంది. మొదటి ఆరింటినీ వెంటవెంటనే చూసి, ఏడో ఎపిసోడ్ నుంచి నింపాదిగా చూడడం మేలు. ఎనిమిదో ఎపిసోడ్ నాలుగు నెలల కిందటి సంగతులను చెబుతుంది కాబట్టి, రెండు సీజన్ల మధ్య ఉన్న ఖాళీ అక్కడ పూడుతుంది.

వీలైతే డీవీడీలో ఉన్న ప్రత్యామ్నాయ ముగింపును కూడా చూడండి. ప్రసారమైన ముగింపులో వైరస్ సీసా నేలను తాకకముందే పీటర్ దాన్ని ఆపి నాశనం చేస్తాడు. సమ్మెకు ముందు అనుకున్న ముగింపులో అతను దాన్ని ఆపలేకపోతాడు, సీసా పగిలి వైరస్ ఒడెస్సాలో బయటపడుతుంది. తర్వాత రావలసిన ఎపిసోడ్లకు ఆ పగిలిన సీసాయే ఆరంభం.